దీపాల కింది రంగు

నమోదు 1. విత్తిన రోజు

ఈ రాతలు ప్రయోగశాల యంత్రంలో పెట్టడం లేదు. అక్కడ నేను రాసే ప్రతి ముక్కా డైరెక్టర్ నరహరి గారు చదువుతున్నారని నా అనుమానం. మొన్న నేనింకా ఎవరితోనూ అనని మాటను ఆయన నాకే సలహాగా చెప్పారు. అందుకని ఇది ఇంట్లో, వంటగదిలో కూర్చుని రాసుకుంటున్నాను.

ఈ రోజు పుంటికూర, అదే గోంగూర, విత్తాం. తెల్లకాడ రకం, ఒకే మొక్క విత్తనాలు. సగం మా మొదటి అంతస్తులో, అద్దాల బావి కింద. భూమి మీది ఎండను అద్దాలు ఒకదాని మీదొకటి వేసుకుంటూ ఇంత లోతుకు తెస్తాయి. మిగతా సగం మూడో అంతస్తులోని దీపాల శాలకు పంపాం. పైన బతకలేక పాత బొగ్గు గనుల్లోకి దిగిన ఊరు మాది. ఎండ ఎంత దూరం దిగిందో మర్యాద కూడా అంత దూరమే దిగింది. మూడో అంతస్తులో ఎండ లేదు. ఊదా రంగు దీపాలే.

తట్టలు మోసింది ఓదెలు, నా సహాయకుడు. మూడో అంతస్తు మనిషి. అధ్యయనం పూర్తయ్యేదాకా పైనే ఉండడానికి అతనికి అనుమతి ఇచ్చారు. కింది వాళ్ళలో ఇన్ని నెలలు పైన ఉన్నవాడు ఇంతకు ముందు లేడట.

అధ్యయనం పేరు చాలా పొడుగు. మూడో అంతస్తులో ఆర్థిక అసమానత, మొక్కల ఒత్తిడి, జాతి గుర్తింపు. మొక్కల అధ్యాయం నాది. మిగతా రెండూ ఎవరు రాస్తున్నారో చెప్పరు, చూపించరు. అడిగితే నరహరి గారు నవ్వి, "మీరు ఆకులు చూడండి ఇందుమతి గారూ, మనుషుల్ని మాకు వదిలేయండి" అన్నారు.

నమోదు 2. కిందికి దిగాను

లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఊదా వెలుగు మొహాన కొట్టింది. కళ్ళు అలవాటు పడేసరికి చుట్టూ ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అందరి చర్మం రాగి చెంబు తోమినట్టుంది. మావాళ్ళు వీళ్ళను రాగోళ్ళు అంటారు. వీళ్ళు మమ్మల్ని ఎండోళ్ళు అంటారు. మధ్యలో నిలబడ్డ పెద్దావిడ సారక్క, దీపాల సంఘానికి పెద్ద.

"పుంటికూర కోసం గింత దూరం దిగొచ్చినవా బిడ్డా? పైన మొలుస్తలేదా?"

"మొలుస్తుంది. ఇక్కడెలా మొలుస్తుందో చూద్దామని."

"మొక్కను చూస్తవా, మమ్మల్ని చూస్తవా?"

"మొక్కనే."

"మరి నీ కండ్లు మా చేతుల మీదున్నయేంది?"

చూపు తట్టల వైపు తిప్పుకున్నాను. వాళ్ళు నవ్వలేదు కూడా.

తిరిగి వస్తుంటే, నాతో దిగిన ఓదెలు ఇంటి ముందు అతని కూతురు కనిపించింది. జమున అట. నాలుగేళ్ళుంటాయి. గోడ పట్టుకుని నడుస్తోంది. మోకాళ్ళ దగ్గర కాళ్ళు విల్లులా వంగి ఉన్నాయి. "పుట్టుకతోనే గట్ల మేడమ్" అన్నాడు ఓదెలు, తల తిప్పుకుని. పుట్టుకతో కాదని నాకు తెలుసు. ఎండ సోకని ఎముకలు అలాగే వంగుతాయి. పైన పిల్లలందరికీ రోజూ అద్దాల బావి కింద గడిపే ఎండ గంట ఉంది. కింద లేదు. ఆ మాట అనబోయి ఆగాను. ఓదెలు నా మాటలు ఎవరికి చేరవేస్తాడో నాకింకా తెలియదు.

నమోదు 3. ఆకులు ఎరుపెక్కాయి

కింది తట్టల్లో కాడలు మొదట గులాబీ రంగుకు తిరిగి, ఇప్పుడు రాగి రంగులో ఉన్నాయి. పైన ఉన్నవి పచ్చగా ఉన్నాయి. ఒకే తల్లి పిల్లలు. దీపం వేడి, దీపం వెలుగు మొక్కను బాధపెడుతుంటే అది తనను కాపాడుకోవడానికి ఆకులో ఎరుపును పుట్టించుకుంటుంది. మొక్కల ఒత్తిడి అంటే ఇదే.

మూడో అంతస్తులో పుట్టిన పిల్లలు కూడా మొదట్లో మా పిల్లల్లాగే ఉంటారట. నడక నేర్చే వయసుకు "రాగి దిగింది" అంటారు తల్లులు. అది వాళ్ళ నెత్తురులోనే ఉందని, వయసొచ్చాక బయట పడుతుందని పైన అందరం నమ్ముతాం. నేనూ నమ్మాను.

ఎర్ర మొక్కలు గింజ పట్టాయి. ఇప్పుడు ఆ విత్తనాలు తీసుకెళ్ళి పైన ఎండలో విత్తాలి. ఎర్రగా వస్తే రంగు వంశంలోకి దిగినట్టు. పచ్చగా వస్తే రంగు దీపానిది.

పాలక మండలి దగ్గర జాతి నమోదు బిల్లు ఉంది. రాగోళ్ళను పుట్టుకతో వేరే జాతిగా రాసుకుంటారు. రాసుకున్నాక వాళ్ళ ఒంటికి దీపం చాలు కాబట్టి ఎండ గంట ఎప్పటికీ అక్కర్లేదంటారు. నరహరి గారు రోజూ వచ్చి తట్టలు చూసి వెళ్తున్నది ఇందుకేనని నాకు గట్టి అనుమానం. ఆయనకు ఎర్ర మొక్క కావాలి.

విత్తనాలు డబ్బాలో వేసి సీలు వేసే ముందు ఒక గుప్పెడు తీసి కొంగున ముడేసుకున్నాను. డబ్బా పెట్టే చల్లగదికి తాళాలు ముగ్గురి దగ్గరే ఉన్నాయి. నరహరి గారు, ఓదెలు, నేను.

నమోదు 4. ఎండలో ఎర్ర మొలకలు

మొలిచాయి. అన్నీ ఎర్రగా.

అద్దాల బావి కింద నిలబడి చాలాసేపు చూశాను. అప్పుడే పైకి వచ్చిన మొలక, ఏ బాధా తెలియనిది, కాడ నిండా ఎరుపుతో వచ్చింది. అలా రాకూడదని కాదు. కానీ అన్నీ, ఒక్కటి తప్పకుండా, ఒకే ఎరుపు. మొక్కలు అంత ఐకమత్యంగా ఉండవు.

నరహరి గారు వచ్చారు. వంగి చూశారు. "అయితే పుట్టుకే అన్నమాట" అన్నారు. ఆయన ముఖంలో సంతోషం కనిపించలేదు. బాగా నటిస్తున్నారనుకున్నాను.

ఇంటికి రాగానే, కొంగున ముడేసి తెచ్చిన ఆ గింజలు అద్దాల బావి వైపున్న వంటింటి కిటికీలో, పాత పప్పు గిన్నెలో విత్తాను.

నమోదు 5. పప్పు గిన్నె

పచ్చగా మొలిచాయి.

అంటే డబ్బాలో ఉన్నవి నా విత్తనాలు కావు. ఎవరో పుట్టుకతోనే ఎర్రగా ఉండే రకం తెచ్చి మార్చారు. గింజలు చూస్తే తేడా తెలియదు.

ఖాళీ డబ్బా తీసి చూశాను. మూత అంచున ఎర్రటి పొడి, వేలికి అంటుతోంది. నాకు వెంటనే ఓదెలు గుర్తొచ్చాడు. ఇలాంటి మరకే అతని చొక్కా చేతి అంచున చూశాను. ఈ మధ్య చల్లగదిలో పని లేకపోయినా నిండు చేతుల చొక్కా వేసుకుంటున్నాడు. నేను దగ్గరికి వస్తే పక్కకు జరుగుతున్నాడు. నరహరి గారు ఇతన్ని కొనేశారా? కూతురికి ఏదైనా ఆశ చూపారా? పక్కనే ఉండి మోసం చేసేవాడి మీద వచ్చే కోపం వేరుగా ఉంటుంది. ఈ రోజంతా అతనితో మామూలుగా మాట్లాడాను. అలా మాట్లాడగలనని నాకే తెలియదు.

నమోదు 6. కుళాయి దగ్గర

పొద్దున ఓదెలు తట్టలు కడుగుతున్నాడు. వెనక నుంచి వెళ్ళి నిలబడ్డాను. ఉలిక్కిపడి తిరిగాడు. కుళాయి నీళ్ళు మోచేతి మీద పడి చొక్కా చేయి తడిసింది. తడిసిన చోటునుంచి ఎర్రటి నీళ్ళు కారాయి.

"ఏమిటది?"

చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. నేను కదల్లేదు.

"జాజు మేడమ్" అన్నాడు చివరికి. "గోడలకు పూస్తరు గద, గదే."

చొక్కా పైకి మడిచి చూపించాడు. కడిగిన చోట అతని చర్మం నా చర్మంలాగే ఉంది.

"మీ దగ్గర పనికొచ్చినంక రంగు పోతాంది. పండుగకు ఇంటికి పోతే మా అత్త సూసి పక్కకు జరిగింది. ఎండోడైనవా అన్నది. అప్పటిసంది పూసుకుంటున్న."

నేను మొక్కల్లో వెతుకుతున్న జవాబు ఇన్నాళ్ళూ నా పక్కన తట్టలు మోస్తూ తిరిగింది. అయినా అనుమానం వదల్లేదు.

"డబ్బా మీద పొడి నీదే. విత్తనాలు మార్చింది కూడా నువ్వేనా?"

కుళాయి కట్టేశాడు. "నేనే" అన్నాడు.

"నరహరి గారు చెప్పారా?"

"సారక్క జెప్పింది."

అది నేను అనుకోని పేరు. "జాతి నమోదు జరిగితే జమునకు ఎండ గంట ఉండదని తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసి కూడానా?"

"పైనోళ్ళు మాకు రాసిచ్చిన దీపాల ఒడంబడిక పోతే మాకు ఇల్లే ఉండది మేడమ్. ఇల్లు లేనోడు బిడ్డను ఎండల నిలవెట్టి ఏం జేస్తడు?" అతని గొంతు పెరిగింది. "మీరు దాని కాళ్ళు సూసి ఊకున్నరు. నేను రోజూ సూత్తా. నన్ను అడుగకుండ్రి తెలుసా అని."

అతని మీద ఫిర్యాదు రాయాలని వెళ్ళాను. రాయలేదు.

నమోదు 7. సారక్క

మళ్ళీ కిందికి దిగాను. ఈసారి పచ్చ మొలకల గిన్నె సంచిలో పెట్టుకుని, ఒక్కదాన్నే. సారక్క ఇంటి అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. గిన్నె ఆమె ముందు పెట్టాను. చూసింది. గింజలు తీయడం ఆపలేదు.

"మార్పిచ్చింది నేనే. పొయ్యి చెప్పుకో."

"నరహరి గారికి కావాల్సిన ఎర్ర మొక్కను మీరెందుకు..."

అప్పుడు తలెత్తి నవ్వింది. మొదటిసారి. "ఆయనకు ఎర్ర మొక్క కావాలని ఎవరు జెప్పిన్రు నీకు? ఆయనకు కావాల్సింది గీ పచ్చదే."

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. వాళ్ళ అమ్మమ్మల కాలంలో ఆడవాళ్ళంతా కలిసి దీపాలు ఆర్పేశారు. పైవాళ్ళ పళ్ళెంలో ఆకు అనేది లేకుండా పోయాక మండలి దిగివచ్చి ఒడంబడిక రాసింది. మూడో అంతస్తు ఇళ్ళు, దీపాల శాల పని, పంటలో మూడో వంతు రాగి జాతి వాళ్ళవి. బయటివాళ్ళు కొనడానికి లేదు, తీసేయడానికి లేదు.

"రాసింది జాతి పేరు మీద. ఇప్పుడు నువ్వొచ్చి రాగి జాతే లేదు, అందరం ఒక్కటే అంటవు. మంచి మాటనే. అప్పుడు మండలి ఏమంటది? ఒక్కటే అయినంక వేరే ఒడంబడిక ఎందుకంటది. ఇండ్లు అమ్మకానికి పెడ్తది. నువ్వు మమ్మల్ని మీలో కలుపుతా అంటున్నవు. కలిసినంక మేం ఏడుంటం బిడ్డా?"

"పిల్లల కాళ్ళు?"

గింజలు తీసే చెయ్యి ఆగింది. "నా మనుమరాలి కాళ్ళు కూడా గట్లనే ఉండె" అంది. చింతపండు పక్కకు జరిపింది.

నేను నమ్మలేదని ఆమెకు తెలిసింది. నేను లేస్తుంటే అంది: "నేను అబద్ధం చెప్తున్ననేమో. పొయ్యి గీ గిన్నె ఆయన బల్ల మీద పెట్టు. ఆయన మొఖం చూడు. ఒక్కటి మాత్రం ఇను. సగం చెప్పేదైతే అసలే చెప్పకు."

నమోదు 8. డైరెక్టర్ గది

గిన్నె ఆయన బల్ల మీద పెట్టాను. ఓదెలు పేరు ఎత్తకుండా, విత్తనాలు మారాయని, అసలువి ఇవని చెప్పాను.

నరహరి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నవ్వు దాచుకోలేకపోయారు. "నేను మొదటినుంచీ అనుకుంటూనే ఉన్నాను ఇందుమతి గారూ! ఆ ఎరుపు నాకు నమ్మబుద్ధి కాలేదు." సొరుగు తెరిచి నివేదిక తీశారు. నా పేరు, నా సంతకానికి చోటు, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నేను ఆ గదిలోకి రాకముందే ముద్రించింది.

చదివాను. రాగి రంగు పుట్టుకతో వచ్చేది కాదు. కనుక రాగి జాతి అనేది లేదు. కనుక జాతి పేరుతో ఉన్న ఒడంబడిక చెల్లదు. అంతే. రంగు ఎందుకు వస్తుందో ఎక్కడా లేదు. ఒత్తిడి అన్న మాట నా అధ్యాయంలోంచే తీసేశారు.

"ఆర్థిక అసమానత అధ్యాయం ఏదండీ?"

"అనవసరమని తీసేశాం. దీపాలు ఎవరు కొన్నారు, నాసిరకం ఎందుకు కొన్నారు... అదంతా పాత గొడవ."

"పిల్లల ఎండ గంట?"

"అందరూ సమానమైనప్పుడు అందరితో పాటే దరఖాస్తు పెట్టుకుంటారు. మీకు సంతోషంగా లేదా? మీరు ఒక దురభిప్రాయాన్ని పోగొడుతున్నారు!"

ఆయన నిజంగానే అలా అనుకుంటున్నారేమోనని ఒక క్షణం అనిపించింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. మండలి సభలో సంతకం పెడతానని చెప్పి బయటికి వచ్చాను. ఇన్నాళ్ళూ మనిషిని సరిగానే అనుమానించాను, కారణాన్ని తప్పుగా అనుమానించాను.

నమోదు 9. సభ

మండలి సభకు కింది నుంచి కూడా జనం వచ్చారు. ముందు వరసలో సారక్క. నన్ను చూసి కూడా చూడనట్టు కూర్చుంది.

నరహరి గారు నివేదిక చదివి నన్ను సంతకానికి పిలిచారు. కలం తీసుకోలేదు. మాట్లాడాను. నోరు ఎండిపోయి మొదటి మాటలు సరిగా రాలేదు. రంగు పుట్టుకది కాదన్నాను. పైవాళ్ళ వైపు నుంచి చప్పట్లు వినిపించాయి, కింది వాళ్ళ వైపు నుంచి గొణుగుడు. ఆగకుండా చెప్పాను.

"రంగు ఆ దీపాలది. ఆ దీపం కింద మొక్క ఎలా బాధపడుతోందో మనిషీ అలాగే బాధపడుతున్నాడు. మన పిల్లల్ని అక్కడ ఉంచినా వాళ్ళకూ రాగి దిగుతుంది, వాళ్ళ కాళ్ళూ వంగుతాయి. ఒడంబడిక నెత్తురుకు ఇచ్చింది కాదు. ఆ దీపాల కింద బతుకుతున్నందుకు ఇచ్చింది. దీపాలు అలాగే ఉన్నాయి. అవి మారేదాకా ఒడంబడిక ఉండాలి. ఈ మాట లేని కాగితం మీద నేను సంతకం పెట్టను."

"ఇది ఆవిడ శాఖ కాదు" అన్నారు నరహరి గారు. "ఆవిడ ఆకులు చూస్తుంది."

మండలి సభ్యుడొకాయన నన్ను అడిగాడు, మొక్క సంగతి సరే, మనిషి రంగు దీపంతో వస్తుందనీ ఎండలో పోతుందనీ ఎవరు చూశారని. నాకు తెలుసు. చెప్పలేదు. అది నేను చెప్పే మాట కాదు.

వెనక వరసలో కుర్చీ కదిలిన చప్పుడు. ఓదెలు లేచాడు. మంచినీళ్ళ గ్లాసు చేతి మీద వంచుకుని, తువ్వాలుతో మోచేతి దాకా తుడిచి, ఆ చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. తువ్వాలు ఎర్రగా ఉంది, చెయ్యి ఎర్రగా లేదు. కింది నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఒక్కసారిగా లేచారు. ఎవరో "ద్రోహి" అన్నారు. సారక్క వెనక్కి తిరగలేదు. ఆమె మెడ నరాలు మాత్రం కనిపించాయి నాకు.

సభ వాయిదా పడింది. నన్ను అధ్యయనం నుంచి తప్పించారు. సాయంత్రానికి సంఘం ఆడవాళ్ళు మూడో అంతస్తు దీపాలు ఆర్పేశారు.

నమోదు 10. తలుపు బయట

మా వీధిలో ఆకుకూర కనిపించి చాలా రోజులైంది. పక్కింటావిడ నా వల్లే అంటోంది. మండలి వాళ్ళు మెత్తబడి సంఘానికి కబురు పెట్టారు. సంఘం ఏం జవాబు చెప్పాలో తేల్చుకోవడానికి ఈ రోజు కూర్చుంది. ఓదెలు సంగతి కూడా తేలుస్తారట. అతని భార్య నాకు కబురు చేస్తే దిగాను.

దీపాలు లేని దారంతా చేతి దీపంతో నడిచాను. సంఘం గది గుమ్మంలో ఒకామె నన్ను ఆపింది. "మీరు బయట్నే ఉండుండ్రి. ఇది మా మాట."

బయట రాతి మీద కూర్చున్నాను. లోపల గొంతులు లేస్తున్నాయి, పడుతున్నాయి. రంగు పోయినోడు మనోడెట్లయితడని ఎవరో అరవడం వినిపించింది. ఓదెలును వెళ్ళగొడతారని, అదంతా నా మెడకు చుట్టుకుంటుందని, బహుశా అది న్యాయమే అయి ఉంటుందని అనుకున్నాను. సారక్క గొంతు మాత్రం స్పష్టంగా వినిపించింది.

"మల్ల దీపాల కింద కొన్నాళ్ళుంటే ఆనికి రాగి దిగుతది. అప్పుడు మనోడా? మరి గప్పటిదాక ఎవనోడే? ఇత్తనం మార్చుమని నేను జెప్తె మార్చిండు. అప్పుడు ఆని రంగు ఎవరన్న అడిగిన్రా?"

తలుపు తెరుచుకున్నాక ఆమే నా దగ్గరికి వచ్చింది. ఒడంబడికలో జాతి అన్న మాట తీసేసి, దీపాల కింద బతికేటోళ్ళు అని రాయాలి. పిల్లలకు ఎండ గంట ఇయ్యాలి. దీపాలు మార్చాలి. ఈ మూడూ ఒప్పుకుంటేనే వెలిగిస్తారట.

"ఓదెలు?"

"ఆడు మావోడే. ఎటు పోతడు?" కాసేపు నన్ను పరీక్షగా చూసింది. "పిల్లను ఎండకు మేమే తీస్కపోతం. నువ్వు ముంగట నడువకు."

మాట కటువుగానే తగిలింది. అయినా తిరిగి వచ్చే దారిలో నాకు తెలియకుండానే గబగబా నడుస్తున్నాను.

నమోదు 11. ఎండ గంట

మండలి మొదటి రెండూ ఒప్పుకుంది. దీపాల సంగతి చూస్తామంది. చూస్తామనడం సారక్క నమ్మలేదు. సగం దీపాలే వెలిగించింది.

ఈ రోజు జమున వచ్చింది. ఓదెలు ఎత్తుకుని వచ్చాడు. చుట్టూ కింది ఆడవాళ్ళు ఒక దడిలా నడిచారు. అద్దాల బావి కాపలావాడిని ఒక కంట, మా వీధి తల్లుల్ని ఒక కంట చూస్తూ. మా తల్లులు తమ పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. నేను దూరంగా, గోడ పక్కన నిలబడ్డాను. ముందు నడవలేదు.

అద్దాల బావి కింద ఓదెలు పిల్లను దించాడు. ఎండ దాని ముఖం మీద పడింది. కళ్ళు చికిలించింది, ముక్కు ముడిచింది, గట్టిగా తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. ఆపకుండా తుమ్ముతూనే ఉంది. ఆడవాళ్ళు కంగారుపడి పిల్లను నీడలోకి లాగేశారు. తుమ్ములు ఆగాయి. తీసుకెళ్ళి మళ్ళీ ఎండలో నిలబెడితే మళ్ళీ తుమ్మింది.

సారక్క నేరుగా నా దగ్గరికి వచ్చింది. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి.

"ఏం కలిపిన్రు గీ ఎండల?"

"ఏమీ కలపలేదు సారక్కా. ఎండ మొహాన పడితే తుమ్ము వస్తుంది కొందరికి. దానికేం కాదు."

"కొందరికా? ఎవరికి? మా రాగోళ్ళకేనా?"

చెప్పి లాభం లేదు. గోడ వదిలి ముందుకు నడిచాను. ఆడవాళ్ళు పక్కకు జరిగారు కానీ చూపులు తిప్పుకోలేదు. జమున పక్కన నిలబడి, తలెత్తి, అద్దాల్లోంచి దిగుతున్న వెలుగును సూటిగా ముఖం మీద పడనిచ్చాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తుమ్మాను. వెంటనే ఇంకొకటి.

జమున నన్ను చూసి కిలకిలా నవ్వి, తనూ తుమ్మింది.